దడి మీద పూవు, దొడ్లో మేత



ఈపూట మీతో ఒక పూలతీగను గురించి ముచ్చటించదలచాను. పూలతీగ అనగానే "అది ఆడవాళ్ళకు చెప్పండి, మాకు పత్తి ధర సంగతి చెప్పండి" అని లేచిపోకండి. కాస్త ఓపిక పట్టండి. ఈ పూవు వెనుక పశువు మేత ఉన్నది, భూమి బలం ఉన్నది. నేను ఒకసారి తప్పు చేసి నేర్చుకున్న పాఠం కూడా ఉన్నది.

పెరటి దడి మీదనో, గుడి ప్రహరీ మీదనో, బావి గట్టున ముళ్ళకంప మీదనో నీలంగా పూసే శంఖుపుష్పం మీరంతా ఎరిగినదే. కొన్ని ఊళ్ళలో దీనిని దింటెన అంటారు. నీలిపూవు పూసేది నీలి దింటెన, తెల్లపూవు పూసేది తెల్ల దింటెన. పెద్దలు అపరాజిత అనీ, గిరికర్ణిక అనీ కూడా పిలుస్తారు. పేర్లు ఎన్నయినా తీగ ఒక్కటే. ఐతే శంఖపుష్పి అనీ, విష్ణుక్రాంత అనీ మందుల అంగళ్ళలో వినబడే పేర్లతో దీనిని కలపకండి. విష్ణుక్రాంత నేలబారున పాకే చిన్న మొక్క, దడి ఎక్కేది కాదు. శంఖపుష్పి అనే పేరు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క మొక్కకు చెల్లుతున్నది. పేరు చూసి కాక మొక్కను చూసి గుర్తుపట్టడం మంచిది.

ఒక పూవును కోసి అరచేతిలో పెట్టుకుని చూడండి. కంది పూవులోనూ, బఠాణీ పూవులోనూ పెద్ద రేకు పైకి లేచి ఉంటుంది, పడవవంటి చిన్న రేకులు కింద ఉంటాయి. శంఖుపుష్పంలో ఇదంతా తలకిందులు. పెద్ద రేకు కింద చాపలాగా పరచుకుంటుంది, పడవ పైకి పోతుంది. తలకిందులైనా కులం మాత్రం అదే. ఇది కందికీ, పెసరకూ, బఠాణీకీ చుట్టం. కాయ కూడా బఠాణీ కాయలాగానే రెండు తొక్కలుగా విడిపోతుంది, ఐతే సన్నగా, బల్లపరుపుగా ఉంటుంది. అందువల్ల అపరాలకున్న గుణమే దీనికీ ఉన్నది. వేళ్ళ మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని పట్టి తనకు ఎరువు చేసుకుంటుంది. ఆకు రాలినా, వేరు కుళ్ళినా ఆ బలం మీ నేలకే దక్కుతుంది.

అపరాలకూ దీనికీ ఒక తేడా ఉన్నది. పెసర రెండు మూడు నెలల్లో పండి ఎండిపోతుంది. శంఖుపుష్పం ఒకసారి వేరు పట్టిందంటే కొన్నేళ్ళు బతుకుతుంది. ఎండాకాలంలో నీరు లేకపోతే ఆకు రాల్చి మోడుగా పడి ఉంటుంది. తొలకరి పడగానే ఆ మోడు నుంచే మళ్ళీ చిగురిస్తుంది. ఏటా దున్ని, ఏటా విత్తే పని లేదు.

"సరే, పూవు దేవుడికి, మరి పశువుకు ఏమిటి?" అని మీరు అడగవచ్చు. చెబుతాను.

ఎండు వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించవు. చొప్ప కాస్త మేలు, అంతే. శంఖుపుష్పం ఆకునూ, లేతకాడలనూ ఎండబెట్టి పరీక్షిస్తే మాంసకృత్తులు సుమారుగా నూటికి 15 నుంచి 20 పాళ్ళు ఉంటాయి. తీగ సన్నగా, కాడ మెత్తగా ఉండటం చేత పశువు పారేయకుండా తింటుంది. వట్టి గడ్డితో కడుపు నిండుతుందిగాని పాలు రావు. రోజూ పిడికెడు తవుడు కోసం డబ్బు పెట్టి కొనే ఇంట్లో, దడి మీద తీగ ఆ ఖర్చును కొంత తగ్గించగలదు. దాణా మొత్తం మానేయవచ్చునని నేను అనను. కొంత అంటున్నాను.

ఇది మన పెరటి ముచ్చట మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ కూడా మనవంటి నల్లరేగడి భూములు ఉన్నాయి. ధాన్యం పండించి పండించి బలం తగ్గిన చేలల్లో వాళ్ళు ఇదే తీగను విత్తి, కొన్నేళ్ళు పశువులను మేపి, తరువాత మళ్ళీ దున్ని పంట వేస్తారు. మిల్‌గారా అనే పేరుతో దీనిలో ఒక రకాన్ని కూడా విడుదల చేశారు. మనం పూజకు కోసుకుంటున్న పూవును వాళ్ళు పచ్చిక చేసుకున్నారు.

ఇక నా తప్పు సంగతి.

డిప్లొమా ముగించి విస్తరణ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు అది. నల్లరేగడి ఊళ్ళో ఒక పెద్దాయనకు రెండు గేదెలు ఉండేవి. ఆయనకు ఈ తీగను గురించి గొప్పగా చెప్పి, కిలో విత్తనం తెప్పించి ఇచ్చి, పది సెంట్లలో చల్లించాను. వాన మంచిగానే పడింది. పది రోజులు చూశాం, ఇరవై రోజులు చూశాం. ఇక్కడొకటి, అక్కడొకటి మొలిచాయి. మిగిలిందంతా వట్టి నేల, గడ్డి. రచ్చబండ దగ్గర నలుగురి ముందూ ఆయన అన్నాడు: "సారూ, మీ విత్తనం పుస్తకంలో మొలుస్తుందిగాని మా రేగడిలో మొలవదు." నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను! ఆ ఏడు ఆ ఊళ్ళో నేను చెప్పిన ఏ మాటా ఎవరూ పట్టించుకోలేదు. విత్తనశుద్ధి చేయమన్నా, ఎరువు తగ్గించమన్నా "పది సెంట్ల కథ ఏమైంది?" అనేవారు.

ఆయన ఆ చెక్కను దున్ని శనగ వేసుకున్నాడు. మరుసటి ఏడు పత్తి పెట్టాడు. తొలకరి పడింది. పత్తి మొలకల మధ్య గుబురుగా మొలిచింది ఏమిటో తెలుసా? ఆ శంఖుపుష్పమే. ఏడాదిపాటు నేలలో పడుకున్న గింజ అప్పుడు లేచింది. కలుపుగా తీసి ఆయన గేదెలకు వేశాడు. గేదెలు తిన్నాయి. "నీ విత్తనం మంచిదేగాని నీ లెక్క మంచిది కాదు" అన్నాడు నాతో. ఆ మాట ముమ్మాటికీ నిజం.

కారణం ఏమిటంటే, దీని గింజ పైపొట్టు రాయిలాగా గట్టిది. నీటిని లోపలికి పోనివ్వదు. కొత్త గింజల్లో ఈ మొండితనం మరీ ఎక్కువ. ఇది గింజ తెలివి. ఒక్క వానకే అన్నీ మొలిస్తే, తరువాత బెట్ట వచ్చినప్పుడు అన్నీ చచ్చిపోతాయి. అందుకని కొన్ని ఈ వానకూ, కొన్ని వచ్చే ఏటికీ దాచుకుంటుంది. అడవిలో తీగకు అది మేలు. పైరు కావాలనుకునే మనకు చేటు. కనుక ఆ పొట్టును మనమే కొంచెం గీరి పెట్టాలి.

పెరటికి నాలుగు గింజలు కావాలంటే వడ్రంగి వాడే ఉప్పుకాగితం మీద ఒక్కొక్క గింజను ఒక పక్కన రుద్దండి. పొట్టు మెరుపు పోయి లోపలి రంగు కాస్త కనబడితే చాలు. పప్పు దాకా పోకూడదు. గింజకు బొడ్డులాంటి మచ్చ ఉంటుంది, ఆ వైపు ముట్టకండి, మొలక వచ్చేది అక్కడే. కిలో, రెండు కిలోలైతే గింజకు సమానంగా గరుకు ఇసుక కలిపి, గోనెసంచిలో వేసి, బండ మీద పెట్టి చేతులతో బాగా మర్దించాలి. కాలితో తొక్కకండి, గింజ బద్దలవుతుంది. తరువాత ఇసుక చెరిగి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టండి. తెల్లవారి చూస్తే గీత పడ్డ గింజలు ఉబ్బి ఉంటాయి. ఉబ్బని గింజలు ఇంకా మొండికేసినవి. వాటిని ఏరి, ఆరబెట్టి, మళ్ళీ రుద్దండి. ఉబ్బినవాటిని ఆరోజే విత్తేయండి, దాచిపెడితే పాడవుతాయి.

తోటి విస్తరణ ఉద్యోగులకు ఇక్కడ ఒక మనవి. ఏ విత్తనమైనా రైతు చేతిలో పెట్టేముందు వంద గింజలు తీసి, తడిగుడ్డలో చుట్టి, పదిరోజులు చూసి లెక్కపెట్టండి. వందలో ఎన్ని మొలిచాయో తెలియకుండా సంచి ఇవ్వకండి. నేను ఆ ఒక్క పని చేసి ఉంటే పదిమందిలో నవ్వులపాలయ్యేవాణ్ణి కాను. నవ్వు సంగతి అటుంచండి, ఒక ఊరి నమ్మకం ఏడాదిపాటు పోయేది కాదు.

ఇక విత్తడం. జూన్, జూలై నెలల్లో నేల బాగా తడిసిన తరువాత విత్తండి. లోతు ఒక అంగుళం చాలు. దడి వెంట అయితే మూరకు ఒకచోట రెండేసి గింజలు పెట్టండి. మేత కోసం చేనులో వేయదలిస్తే ఎకరాకు సుమారు 8 నుంచి 10 కిలోల గింజ పడుతుంది. కాని మొదటి ఏడే ఎకరం జోలికి పోవద్దు. ముందు దడి, తరువాత అయిదు సెంట్లు, ఆ తరువాతనే చేను. రేగడిలోనూ, ఎర్రనేలలోనూ పెరుగుతుంది. నీరు రోజుల తరబడి నిలిచే పల్లంలో మాత్రం వేయకండి, వేరు కుళ్ళుతుంది. మరీ నీడ కూడా పనికిరాదు. నీడలో తీగ సాగుతుందిగాని పూవూ తక్కువే, ఆకూ తక్కువే.

మొదటి నెల పసిబిడ్డ కింద లెక్క. మొక్క నెమ్మదిగా లేస్తుంది, గడ్డి తొందరగా కమ్ముతుంది. ఒకటి రెండుసార్లు కలుపు తీయక తప్పదు. పాకడం మొదలుపెట్టాక తన సంగతి తనే చూసుకుంటుంది. నత్రజని ఎరువు వేయనక్కరలేదు. వేస్తే బుడిపెలు కట్టడం తగ్గుతుంది. నెలన్నర దాటాక ఒక మొక్కను మట్టితో సహా తవ్వి వేళ్ళు చూడండి. బుడిపెను గోటితో చీల్చితే లోపల ఎర్రగా ఉండాలి. ఎరుపు ఉంటే అది పని చేస్తున్నట్టు లెక్క. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే పని చేయడం లేదన్నమాట.

జొన్నతో కలిపి కూడా వేయవచ్చును. తీగ జొన్న దంటును పట్టుకుని పాకుతుంది. జొన్న పూత దశకు వచ్చాక రెండింటినీ కలిపి కోసి, తరిగి వేస్తే పశువు ఇష్టంగా తింటుంది. పత్తి చాళ్ళలో మాత్రం కలపకండి. తీగ పత్తిమొక్కకు చుట్టుకుని వంచేస్తుంది. లేత నిమ్మ, బత్తాయి మొక్కల దగ్గర కూడా వద్దు. నీడ పట్టించి ఊపిరాడనివ్వదు.

ఇప్పుడు చెప్పేది చెవిన పెట్టుకోండి. చాలామంది ఈ తీగను చంపుకునేది ఇక్కడే. మొలిచింది, పాకింది, బాగుంది అని పశువును దాని మీదికి వదులుతారు. గడ్డికి చిగురు మొదట్లో, నేలకు ఆని ఉంటుంది. పశువు పైన మేసినా కిందినుంచి మళ్ళీ వస్తుంది. శంఖుపుష్పానికి చిగురు కాడ పొడవునా పైన ఉంటుంది. పశువు మొదలంటా కొరికేస్తే ఇక చిగురించడానికి కన్ను మిగలదు. రెండుసార్లు అట్లా మేసిందంటే తీగ చచ్చిందే. కాబట్టి పశువును తీగ దగ్గరికి తోలకండి, తీగనే పశువు దగ్గరికి తీసుకుపొండి. విత్తిన రెండు నెలలకు, పూత మొదలవుతుండగా మొదటి కోత కోయండి. జానెడు మోడు వదిలి పైది మాత్రమే కోయండి. మళ్ళీ గుబురుగా లేచేదాకా ముట్టకండి. మోడు మీ పెట్టుబడి, పైన కోసేది వడ్డీ. వడ్డీ తినండి, అసలు జోలికి పోకండి.

కోసిన పచ్చిమేతను ఎండుగడ్డితో కలిపి వేయండి. అలవాటు లేని పశువుకు మొదటివారం కొద్దికొద్దిగా పెట్టి పెంచుకుంటూ పొండి. గింజలు పండిన కాయలను మేతగా వేయకండి. గింజకూ, వేరుకూ విరేచనం చేయించే గుణం ఉన్నది. వేరు మందని చెప్పి పిల్లలకూ, గర్భిణులకూ అరగదీసి పోయడం కూడా కూడదు.

విత్తనం మీరే కట్టుకోవచ్చు. ఈ పూవు ఎక్కువగా తన పుప్పొడితోనే తాను కాయకడుతుంది. ఐనా నీలిదీ తెల్లదీ పక్కపక్కన ఉంటే కొంత కలవవచ్చును, కాబట్టి కాస్త ఎడంగా ఉంచండి. కాయలన్నీ ఒక్కసారి పండవు. పండిన కాయ ఎండకు టప్పున చిట్లి గింజను ఎగరగొడుతుంది. ఆకుపచ్చ పోయి గోధుమరంగు తిరిగిన కాయలను రెండు మూడు రోజులకొకసారి ఉదయంపూట కోసి, ఎండలో పోసి, పైన పలచని గుడ్డ కప్పండి. లేకపోతే సగం గింజ వాకిలంతా ఏరుకోవాలి.

దడి మీద విత్తనం ఏరేటప్పుడు ఒక జాగ్రత్త. అదే దడి మీద గురివింద కూడా పాకుతుంది. గురివింద ఆకు చింతాకులాగా చిన్నచిన్న ఆకులు వరుసగా ఉంటుంది, గింజ ఎర్రగా, మూతి నల్లగా ఉంటుంది. అందంగా ఉన్నదని పిల్లలు ఏరుకుంటారు. పగలగొట్టి నమిలితే అది ప్రాణం తీసే విషం. పశువుకూ విషమే. శంఖుపుష్పం ఆకులో పెద్ద ఆకులు అయిదో ఏడో ఉంటాయి, గింజ గోధుమరంగుగానో నల్లగానో ఉంటుంది. మేతకు కోసేముందు దడి అంతా ఒకసారి వెదికి గురివిందను వేరుతో పీకి పారేయండి.

చివరగా ఒక మాట. ఈమధ్య "నీలి టీ" అని వింటున్నాం. ఈ పూలను ఎండబెట్టి వేడినీళ్ళలో వేస్తే నీళ్ళు నీలంగా అవుతాయి. నిమ్మరసం పిండితే ఊదారంగుకు తిరుగుతాయి. పిల్లలకు చూపిస్తే ముచ్చటపడతారు. థాయిలాండులోనూ, మలేషియాలోనూ పానీయాలకూ, అన్నానికీ ఈ పూలతో రంగు వేయడం తరతరాలుగా ఉన్నదే. అమెరికాలో 2021లో ఈ పూల సారాన్ని ఆహారపు రంగుగా అనుమతించారు. కాని ఐరోపాలో 2022లో ఆహార భద్రతా సంస్థ ఎండుపూలను కొత్త ఆహారంగా అమ్మడంపై భద్రత దృష్ట్యా అభ్యంతరం తెలిపింది. ఒక దేశంలో తెరిచిన తలుపు మరో దేశంలో తెరిచి ఉండకపోవచ్చునన్నమాట.

ఇది చూపి "పత్తి తీసేయండి, నీలిపూలు వేయండి, కిలో ఇన్ని వందలకు కొంటాం, ముందు మా దగ్గర విత్తనం కొనండి" అని మీ ఊరికి ఎవరైనా వస్తే తొందరపడకండి. ముందు మీ దడి మీద వంద పూలు కోసి తూచి చూడండి. తరువాత ఎండబెట్టి మళ్ళీ తూచండి. పది కిలోల పచ్చిపూవు ఎండితే కిలో అవుతుంది, ఒక్కోసారి అంతకూడా కాదు. పూవు ఒక్కరోజు పూవు. ఇవాళ కోయనిది రేపటికి ముడుచుకుపోతుంది. రోజూ కోయాలి, ఒక్కొక్కటే కోయాలి, నీడలో ఆరబెట్టాలి. ఎన్ని చేతులు కావాలో, వాటికి కూలి ఎంతో మీరే లెక్క వేయండి. కొనేవాడు ఎవరు, ఏ ధరకు, ఎంత సరుకు కొంటాడో కాగితం మీద సంతకంతో రాయించుకోండి. విత్తనం అమ్మడానికి వచ్చినవాడు పూవు కొనడానికి కూడా వస్తాడని నమ్మి ఎకరాలు వేసుకోకండి.

నేను చెప్పేది చిన్న లెక్క. ఈ తొలకరికి మీ దడి పొడవునా గింజలు రుద్ది, నానబెట్టి పెట్టండి. ఉదయం పూవు దేవుడి గూటికి, సాయంత్రం మోపు గేదె ముందుకు, రాలిన ఆకు నేలకు. ఎరువు కొననక్కరలేదు, ఎవరి సంతకమూ అక్కరలేదు. పెరట్లో పెంచి, పశువుకు పెట్టి, మీ కళ్ళతో చూసి, మీకు నచ్చితేనే చేనులోకి తీసుకుపొండి.

ఆ పెద్దాయన దడి మీద ఇప్పుడు నీలి దింటెన నిండుగా ఉన్నది. గింజ రుద్ది వేశాడు. ఊళ్ళోవాళ్ళు విత్తనం అడిగితే ఇస్తాడు, ఇస్తూ నా పది సెంట్ల కథ కూడా తప్పకుండా చెబుతాడు. చెప్పనివ్వండి. ఆ కథ విన్నవాళ్ళెవరూ గింజ రుద్దకుండా విత్తరు.